బ్లాక్ మెటల్ ఇంకా బతికే ఉంది

1982లో తన ఆల్బమ్‌తో ఈ సంగీతానికి పేరిచ్చింది ఇంగ్లండ్ బృందం వెనమ్. ప్రాణం పోసింది నార్వే కుర్రాళ్లు. డార్క్‌థ్రోన్ 1994లో తెచ్చిన 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' వినండి: నాలుగు ట్రాకుల రికార్డర్ మీద గరగరలాడే గిటార్, ఆగని డ్రమ్ములు. ఆ నాసితనం కోరి తెచ్చుకున్నదే. డెత్ మెటల్ నునుపుదనం మీద తిరుగుబాటు అది. ఆ రోజుల్లోనే నార్వేలో ఈ సంగీతం చుట్టూ తిరిగే కొందరి చేతుల్లో చర్చిలు తగలబడ్డాయి, హత్యలు జరిగాయి. కళ పేరు చెప్పి వాటిని వెనకేసుకురావడం తప్పు.

ఈ సంగీతం చచ్చిపోయిందంటే నేను ఒప్పుకోను. 2013లో అమెరికా బృందం డెఫ్‌హెవెన్ గులాబీరంగు అట్టతో 'సన్‌బేదర్' తెస్తే పాత అభిమానులు చాలామంది మండిపడ్డారు. ఈ సంగీతంలోని కేకల వెనుక అంత వెలుతురు ఉంటుందని నాకు తెలిసింది ఆ ఆల్బమ్‌తోనే! 1991లో మొదలైన నార్వే బృందం ఎన్‌స్లేవ్డ్ 2023లోనూ కొత్త ఆల్బమ్ ఇచ్చింది.

ఈ సంచికలో పాతవాళ్ల పక్కనే కొత్తవాళ్లనీ కూర్చోబెట్టాం. హెడ్‌ఫోన్లు దగ్గర పెట్టుకుని చదవండి.