ఈశ్వరీబాయి వేసిన దారి.. ఆదోని, ఎమ్మిగనూరు దాకా వచ్చిందా?

డిసెంబర్ 1 జయంతి, ఫిబ్రవరి 24 వర్ధంతి. ఏటా ఈ రెండు రోజులూ హైదరాబాద్‌లో జెట్టి ఈశ్వరీబాయి చిత్రపటానికి పూలదండలు పడతాయి. నేతలు నాలుగు మంచి మాటలు చెప్తారు. తుంగభద్రకు ఇవతల, ఆదోని, ఎమ్మిగనూరు వైపు మాత్రం ఆ పేరు వినిపించేది తక్కువే. నిజానికి ఆమె కథ ఎక్కువ అవసరమైంది ఇక్కడే. ఎందుకంటే 2021 మార్చిలో కొలువుదీరిన మున్సిపల్ పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. ఆ తర్వాత ఏ వార్డు ఎవరికి అన్న లెక్కలు మళ్లీ మొదటికొస్తాయి. ఎస్సీ మహిళకు అంటూ కొన్ని సీట్లు పక్కన పెడతారు. మరి ఆ సీట్లో నిలబడేది ఎవరు?

ఇంతకీ ఈశ్వరీబాయి ఎవరు? 1918లో సికింద్రాబాద్ చిలకలగూడలో దళిత కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్లయింది, పుణె వెళ్లారు. తర్వాత తిరిగొచ్చి టీచర్ ఉద్యోగం చేశారు, సొంతంగా స్కూలూ నడిపారు. 1951లో సికింద్రాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. మహిళలకు రిజర్వేషన్ అనే మాటే లేని రోజులు. చిలకలగూడ నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడి కౌన్సిలర్‌గా గెలిచారు. పార్టీ టికెట్ లేదు. వీధి కొళాయి, బస్తీ సమస్యల కోసం తిరిగిన మనిషిగా జనం గుర్తుపట్టారు, ఓటేశారు. అంతే.

ఆ తర్వాత అంబేద్కర్ బాటలో రిపబ్లికన్ పార్టీ. 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి. ఇక్కడో విశేషం ఉంది. ఆ ఎన్నికలో ఆమె ఓడించింది కాంగ్రెస్ నాయకురాలు, అంతకుముందు డిప్యూటీ స్పీకర్‌గా చేసిన టీఎన్ సదాలక్ష్మిని. ఆమె కూడా దళిత మహిళే. ఇద్దరు దళిత మహిళా నేతలు ఒకే సీటు కోసం ఢీ అంటే ఢీ అన్నారంటే, ఆ తరం ఎంత గట్టిదో ఆలోచించండి. ఇప్పుడు అలాంటి పోటీ ఎక్కడైనా కనిపిస్తుందా?

1968లో కంచికచర్లలో దొంగతనం నెపంతో కోటేశు అనే దళిత యువకుణ్ని సజీవంగా తగలబెట్టారు. ఆ విషయం మీద సభలో ఈశ్వరీబాయి ఎంత మండిపడ్డారంటే, దళితుల్ని కించపరిచేలా మాట్లాడిన మంత్రికి చెప్పు చూపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1969 తెలంగాణ ఉద్యమంలోనూ ముందు వరసలో ఉన్నారు. 1972లో మళ్లీ గెలిచారు. 1991లో కన్నుమూశారు. కూతురు గీతారెడ్డి డాక్టరై, తర్వాత మంత్రి అయ్యారు.

ఈశ్వరీబాయి లాయర్ కాదు. కోర్టులో నిలబడాల్సిన మాటలు ఆమె సభలో మాట్లాడారు. ఆ రెండూ కలిసిన మనిషి కావాలంటే అమెరికా వైపు చూడాలి. కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ. 1921లో పుట్టిన నల్లజాతి మహిళ. తండ్రి వంటమనిషి. పై చదువుకు ఇంట్లో డబ్బు లేదు. ఓ సభలో ఆమె మాట్లాడిన తీరు నచ్చి ఒక తెల్లజాతి వ్యాపారి ఫీజు కట్టారు. 1946లో కొలంబియాలో లా పూర్తి చేశారు. సుప్రీంకోర్టులో పది కేసులు వాదిస్తే తొమ్మిది గెలిచారు. 1962లో జేమ్స్ మెరిడిత్ మిసిసిపీ యూనివర్సిటీలో అడుగుపెట్టగలిగాడంటే ఆమె వాదనే కారణం. 1964లో న్యూయార్క్ రాష్ట్ర సెనేట్, 1965లో మాన్‌హాటన్ బరో ప్రెసిడెంట్, 1966లో ఫెడరల్ జడ్జి. ఈ మూడు పదవుల్లోకీ వెళ్లిన తొలి నల్లజాతి మహిళ ఆమే.

1921 అంటే కర్నూలు జనానికి ఇంకో పేరు గుర్తుకు రావాలి. పెద్దపాడులో దామోదరం సంజీవయ్య పుట్టింది కూడా ఆ ఏడాదే. పేద దళిత కుటుంబం. మద్రాసులో లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే ఆ కుర్చీ ఎక్కిన తొలి దళితుడు. విశాఖలో లా యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. అంటే నల్లకోటు నుంచి పదవి దాకా దారి ఈ జిల్లా మట్టిలోనే పడింది. కాకపోతే అది మగవాళ్ల దారిగా మిగిలిపోయింది.

ఎందుకలా? కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు వెళ్తే జవాబు దొరుకుతుంది. దీపావళి దాటితే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకు, తెలంగాణకు, కర్ణాటకకు. తాళం వేసిన ఇళ్లు, మంచం మీద ముసలివాళ్లు. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ ఆటో ఎక్కుతారు. అందులో ముందు బడి మానేది ఆడపిల్లే. చెల్లిని చూసుకోవాలి, గుడిసె దగ్గర వండాలి. సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, నిజమే. కానీ వయసొచ్చిన పిల్లను వదిలి వెళ్లాలంటే తల్లికి ధైర్యం చాలదు. పదో తరగతే దాటని పిల్ల లా కాలేజీ గడప ఎప్పుడు తొక్కాలి?

దాటి, చదివి, పట్టా తెచ్చుకున్నా ఇంకో గోడ ఉంది. ఫీజు. కొన్ని రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంట్‌కు 40 వేల దాకా వసూలు చేశాయి. చట్టంలో ఉన్నది మాత్రం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకుమించి తీసుకోవద్దని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇది చిన్న తీర్పు కాదు. సుగ్గికి పోయే ఇంటికి 40 వేలు అంటే ఒక సీజన్ కష్టం.

ఆ తర్వాత సీనియర్ దగ్గర జీతం లేని ఏళ్లు. జూనియర్ లాయర్లకు తొలి మూడేళ్లు నెలకు 5 వేలు ఇచ్చే పథకం 2019లో రాష్ట్రంలో వచ్చింది. మంచిదే. ఆదోనిలో గది అద్దె, బస్సు చార్జీలు పోను మిగిలేది ఎంతో ఎవరైనా లెక్క కట్టొచ్చు. ఇంట్లో లాయర్ ఉన్నవాళ్లకు ఈ మూడేళ్లు శిక్షణ. లేనివాళ్లకు ఉపవాసం.

ఇక పదవుల సంగతి. ఉమ్మడి ఏపీలో 2011లో స్థానిక సంస్థల్లో మహిళల వాటా సగానికి పెరిగింది. 1865 నాటి పాత మున్సిపాలిటీ ఆదోనికైనా, మగ్గాల ఊరు ఎమ్మిగనూరుకైనా అదే రూల్. అంకెల్లో చూస్తే అమెరికా కంటే మనమే నయం! కానీ రొటేషన్‌లో సీటు మారగానే చాలామంది మహిళలు మళ్లీ ఇంటికే. ఎందుకంటే గెలిచిన ఐదేళ్లూ ఫైలు చదివింది, అధికారితో మాట్లాడింది భర్తో మరిదో. ఆమె చేసింది సంతకం. చట్టం చదివిన మహిళ ఆ కుర్చీలో ఉంటే ఎజెండా కాగితాన్ని ఇంకొకరికి ఇచ్చి చదివించుకోదు. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో, తీర్మానం ఎక్కడ చెల్లదో ఆమెకే తెలుస్తుంది. కాంట్రాక్టర్లకు అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

రిజర్వేషన్ల జాబితా బయటికొచ్చిన రోజు ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా ఏ వార్డు ఎవరికి అన్నది గంటలో అందరి ఫోన్లలో ఉంటుంది. ఎస్సీ మహిళకు వచ్చిన వార్డుల్లో అభ్యర్థి కోసం పార్టీల వాళ్లు ఆ సాయంత్రమే కాలనీకి వస్తారు. గుమ్మం ముందు బండి ఆపి మొదట అడిగేది ఒకటే.. ‘మీ ఆయన ఉన్నాడామ్మా?’