యుద్ధపుటాటలును యోధుల పేళ్లును



సాయంకాలమైనతోడనే మన యిండ్లలో వినవచ్చు సంభాషణము కొంతకాలమునుండి మారినది. బడినుండి వచ్చిన పిల్లవాడు ఫోను చేతబట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, ఎన్నడును చూడని యూళ్ల పిల్లలతో గూడి యుద్ధమునకు దిగును. కాల్చుమనియు, కాపాడుమనియు వాడు వేయు కేకలు వంటింటివరకు వినబడుచుండును. ఆట నడుమ విరామము చిక్కినపుడు ఆ పిల్లలే నిజమైన యుద్ధములను గూర్చి వాదులాడుకొందురు. సైనికులను సమర్థింపనివాడు దేశద్రోహి యని యొకడనును. యుద్ధమే పాపమని వేరొకడనును. ఆడుకొనక ఈ గొడవ మీకేలయని మూడవవాడు విసుగుకొనును. ఇది మగపిల్లల కాలక్షేపమని తలచి మనము కూర తరుగుకొనుచుందుము. కాని, యుద్ధమునకు పోవువాడు ఏదో యొక యింటి గడప దాటియే పోవలెను గదా! వాడు తిరిగివచ్చినను, రాకపోయినను ఆ ఫలము ననుభవించునది ఆ యిల్లే. కావున ఈ వాదములో మనకును పాలు కలదని మేము తలంచుచున్నాము.

ఇట్టి యాటలలో నొకదానిని స్వయముగా ఒక దేశపు సైన్యమే తయారుచేయించినది. అమెరికా సైన్యము 2002 జూలై 4వ తేదీన 'అమెరికాస్ ఆర్మీ' యను నాటను ఉచితముగా విడుదల చేసెను. యువకులకు సైనికజీవితమునం దాసక్తి పుట్టించి, వారిని సైన్యములో చేరునట్లు చేయుటయే దాని యుద్దేశము. ఇరువది యేండ్లు నడచిన పిదప 2022 మే నెలలో సైన్యము దానిని నిలిపివేసినది. ఆ యాటలో విచిత్రమైన యేర్పాటొకటి యుండెను. ఆటగాండ్రు రెండు పక్షములై పోరాడుదురు. ఏ పక్షమువాడైనను తన తెరమీద తన్నును, తనతోడివారిని అమెరికా సైనికులుగానే చూచుకొనును. ఎదుటివారు మాత్రము శత్రువులుగా గనబడుదురు. ఎదుటివాని తెరమీదనో, వాడే అమెరికా సైనికుడు, వీడే శత్రువు! భారతము చదివిన మనకిది కొత్త సంగతి గాదు. దుర్యోధనుడును తన పక్షమే న్యాయమైనదని నమ్మియే తొడలు విరిగి పడినాడు.

ఆ యాటలోనికి 2006 మార్చి నెలలో ఒక వింత ఆటగాడు ప్రవేశించెను. ఆయన పేరు జోసెఫ్ డిలాప్. అప్పుడు రీనో నగరమునందలి నెవాడా విశ్వవిద్యాలయమున కళాశాఖలో అధ్యాపకుడు. అమెరికా సేనలు ఇరాకుపై దండెత్తి అప్పటికి మూడేండ్లు. ఆయన ఆటలో 'ఇరాకులో మృతుడు' అని యర్థమిచ్చు పేరు పెట్టుకొనెను. రణరంగమునకు వచ్చి, ఆయుధము క్రింద వదలి, ఊరక నిలుచుండెడివాడు. ఆటగాండ్రు తమలో తాము మాటలు వ్రాసికొనుటకై యేర్పరచిన చోట, ఇరాకులో నిజముగా మరణించిన అమెరికా సైనికుల వివరములను ఒక్కొక్కటిగా టైపు చేసెడివాడు. పేరు, వయస్సు, ఏ దళమువాడు, ఏనాడు మరణించెను, ఇంతే. తనదంటూ వ్యాఖ్య యొక్కటియు లేదు. ఎవడో యొకడు ఆయనను కాల్చి పడవేయును. పడియుండియు ఆయన వ్రాయుచునే యుండెడివాడు. మరుసటి యాట మొదలైనపుడు మరల లేచి, విడిచిన పేరునుండి యందుకొనెడివాడు. 2011లో అమెరికా సేనలు ఇరాకును విడుచువరకు ఈ పని సాగినది. ఆ పేళ్ల సంఖ్య 4,400 దాటినది.

తోడి యాటగాండ్రేమనిరి? కొందరు నోరు మూసికొమ్మనిరి. కొందరు ఓట్లువేసి ఆయనను ఆటనుండి వెళ్లగొట్టిరి. కొందరు ఎవరి పేళ్లివియని యడిగి, తెలిసికొని యూరకుండిరి. మరికొందరు ఆ యుద్ధపు మంచిచెడ్డలను గూర్చి అచ్చటనే వాదమునకు దిగిరి. చచ్చినవారిని గౌరవించుట యిట్లేనాయని కోపించినవారును గలరు.

ఆ కోపమును మనము తేలికగా త్రోసివేయరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి నడుగకుండ, ఆ బిడ్డ పేరును ఆటస్థలమున నుంచుట న్యాయమాయని యడుగవచ్చును. యుద్ధమును నిందించుటకై మృతుని పేరు వాడుకొనుటయు నొక విధమైన వాడుకయే గదాయని యనవచ్చును. రెండవ పక్షమువారి మాటయు వినుడు. సైన్యములో చేరుమని పిల్లలను పిలుచుచున్నది ఆ యాటయే. ఆ పిలుపులో శౌర్యము కలదు, స్నేహము కలదు, పతకము కలదు. చావు మాత్రము మరుసటి యాటవరకే. ఆటలో పడినవాడు దుమ్ము దులుపుకొని లేచును. ఊరి పొలిమేరకు పెట్టెలో వచ్చినవాడు లేవడు. పిలుపు వినబడిన చోటనే ఆ పేళ్లును వినబడుట ధర్మముగాదా యని వీరి ప్రశ్న. మా మనస్సు ఈ రెండవ మాటవైపే మొగ్గుచున్నది. చనిపోయినవానిని గౌరవింతుమని చెప్పుచు, వాని పేరు వినుటకైనను ఓర్వలేకపోవుట గౌరవ మెట్లగును?

సైనికులకు అండగా నిలుచుట యనగా నేమియో ఒక గృహిణి చేసిన పనినుండి నేర్చుకొందము. 1979లో ఇరాను రాజధానియగు టెహరానులో అమెరికా రాయబార కార్యాలయము ముట్టడికి లోనై, 52 మంది 444 దినములు బందీలైరి. వారిలో బ్రూస్ లెయింజెన్ యను నధికారి యొకడు. ఆయన భార్య పెనలోపీ తన యింటి ముందరి చెట్టుకు పసుపు పచ్చని రిబ్బనొకటి కట్టి, భర్త తిరిగివచ్చి తన చేతులతో దానిని విప్పువరకు అది యట్లే యుండవలెనని నిశ్చయించుకొనెను. ఇంటింట స్త్రీలు అట్లే కట్టిరి. 1981 జనవరిలో బందీలు విడుదలయై వచ్చిరి. ఆ రిబ్బను నేడు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసునందు భద్రపరుపబడియున్నది. తరువాత 1991లోను, 2003లోను యుద్ధములు వచ్చినపుడు ఆ పచ్చరిబ్బనే సైనికులకు మద్దతు తెలుపు గుర్తుగా కార్లకెక్కినది. కొందరికది యుద్ధమునకే మద్దతుగా దోచినది. మొదట కట్టిన యామె మనస్సులో నున్న మాట ఒక్కటియే: క్షేమముగా ఇంటికి రమ్ము. ఆ మాటలో యుద్ధమునకు జయజయధ్వానము లేదు, సైనికునికి నిందయు లేదు.

మన తెలుగునాట యోధుని భార్యను గూర్చి చెప్పుకొను కథ వేరు. నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని ఖడ్గతిక్కన పోరునుండి వెనుదిరిగి రాగా, భార్య మంచము చాటుజేసి స్నానమునకు పసుపుముద్ద యుంచెననియు, తల్లి విరిగిన పాలు పోసెననియు, ఆ యవమానమున కోర్వలేక ఆతడు తిరిగి పోయి ప్రాణములు విడిచెననియు మన పెద్దలు చెప్పుదురు. వీరపత్ని యన నిట్లుండవలెనని మనము బాల్యమునుండి వినుచున్నాము. కాని, ఆ పోరు దేనికొరకు వచ్చినది? పసుల మేతకు చెల్లింపవలసిన పుల్లరి కొరకు! ఆ పుల్లరికై యింతమంది తెగిపడవలెనాయని ఆ యింటిలో నెవరైన నడిగినట్లు కథ చెప్పదు. సిగ్గుపరచి పంపుటయు నొక మద్దతేనని యనుకొన్న కాలమది.

భారతమునందలి స్త్రీపర్వము మనకు వేరొక త్రోవ చూపుచున్నది. యుద్ధము ముగిసిన పిదప గాంధారి రణభూమిని తిలకించి, పడియున్నవారిని ఒక్కొక్కరినిగా గుర్తుపట్టి, పేరు పేరునను విలపించును. తన కొమారులనే గాక అభిమన్యుని జూచియు దుఃఖించును. ఇవతలివాడు, అవతలివాడను భేదము ఆ దుఃఖములో లేదు. యుద్ధమును ఆపగలిగియు ఆపలేదని శ్రీకృష్ణునంతవానిని నిలువదీసి శపించును. చనిపోయినవారియం దనురాగము, చంపించిన యుద్ధముమీద ఆగ్రహము, రెండును ఒక్క హృదయములో నొకదాని నొకటి చెరుపుకొనక నిలిచినవి. నేటి పిల్లలు ఈ రెంటిలో నొకటియే యుండవలెనని వాదించుకొనుచున్నారు.

ఇది దూరదేశముల ముచ్చట మాత్రమే యనుకొనకుడు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సేనలతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది మరణించిరి. వారికి నాయకుడైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేటవాడు, విజయనగరము జిల్లా కోరుకొండ సైనికపాఠశాలలో చదివినవాడు. ఆనాటికి వయస్సు 37. ఆ సెప్టెంబరులో 'ఫౌజీ' యను యుద్ధపుటాట యొకటి ప్రకటింపబడి, 2021 జనవరి 26న విడుదలయ్యెను. అందలి మొదటి కథ గల్వాన్ లోయదే. ఆదాయములో నూటికి 20 వంతులు అమరులైన కేంద్ర సాయుధ పోలీసుదళములవారి కుటుంబములకై యేర్పడిన 'భారత్ కే వీర్' నిధికి ఇచ్చెదమని ఆ యాటవారు చెప్పిరి. ఆ గణతంత్రదినోత్సవ సందర్భముననే సంతోష్‌బాబునకు మహావీరచక్రము ప్రకటింపబడెను. నవంబరులో దానిని రాష్ట్రపతి చేతులనుండి అందుకొన్నవారు ఆయన తల్లియు, భార్యయు. ఒకే పండుగనాడు పిల్లల చేతికి గల్వాన్ ఆటయై వచ్చినది. సూర్యాపేటలో నొక యింటికి పతకమై వచ్చినది. ఆవలిదేశపు ప్రభుత్వమో, తమవారు నలుగురు మరణించిరని చెప్పుటకే 2021 ఫిబ్రవరివరకు, అనగా ఎనిమిది నెలలు పట్టినది. ఆ నలుగురి తల్లుల దుఃఖము అన్నినెలలు లోకమునకు తెలియకయే యుండెను.

ఇట్లు వ్రాయుచున్నామని యుద్ధపుటాటల నన్నిటిని పొయ్యిలో బెట్టుడని మేము చెప్పుటలేదు. అమెరికాస్ ఆర్మీ యాటలో వైద్యసహాయకుడు కాగోరువాడు ప్రథమచికిత్స పాఠములు విని పరీక్షలో నెగ్గవలసియుండెను. ఆ పాఠముల సాయముననే ఒక యువకుడు 2007లో ఉత్తర కరొలీనా రాష్ట్రమున రహదారిపై కారు బోల్తాపడి గాయపడినవారిని ఆదుకొనెను. 'కాల్ ఆఫ్ డ్యూటీ' యను యుద్ధపుటాట పేరిట 2009లో నొక నిధి వెలసి, సైన్యమునుండి వచ్చినవారికి ఉద్యోగములు చూపించుచున్నది. ఒక మాజీ సైనికాధికారి 2015లో స్థాపించిన 'స్టాక్ అప్' అను సంస్థ దూరముననున్న సైనికులకు ఆటవస్తువులు పంపుచున్నది. మంచి చేయగోరువారికి త్రోవలు గలవు. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటమను సామెత మాత్రము ఆడువారికి జ్ఞాపకముండవలెను.

మరి మనము చేయదగినదేమి? పిల్లవాని చేతిలోని ఫోను లాగికొన్నచో వాదము వీధి యరుగుమీదికి పోవును గాని యాగిపోదు. వానిప్రక్కన కూర్చుండి, ఇప్పుడు పడినవాడెవడురా, వాని యూరేది, వానికొరకు ఎదురుచూచువారెవరు అని మెల్లగా నడుగుడు. మొదట నవ్వును. రెండవనాడు ఆలోచించును. మన యూరనే సైన్యమునకు పోయినవారి యిండ్లెన్ని కలవో, ఆ యిండ్లలో పింఛను కాగితములకై తిరుగు ముసలితల్లులెవరో వానికి చూపుడు. జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు గలవు. త్రోవ తెలియని ముసలమ్మను అచటికి తోడ్కొనిపోవుట పదునారేండ్ల పిల్లవానికి తగిన పని. 1949 నుండి ఏటేట డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు చేరు విరాళములు సైనికుల కుటుంబములకును, మాజీ సైనికులకును వినియోగింపబడును. మన పోపులపెట్టెలోని చిల్లరయు అందు చేరవచ్చును.

ఇక వాదము మాట. యుద్ధమును ప్రశ్నించువాడు సైనికుని నిందించుచున్నాడనియు, సైనికుని ప్రేమించువాడు ప్రతి యుద్ధమును మెచ్చవలెననియు పిల్లలు ముడిపెట్టుచున్నారు. ఆ ముడి విప్పవలసినవారము మనమే. కొడుకు పొరుగువానితో తగవులాడి దెబ్బతిని వచ్చినపుడు, తగవు కూడదని కోప్పడుచునే గాయమునకు పసుపద్దుట ఏ తల్లికి తెలియదు? కోపమును, పసుపును ఒక్క చేతినే పట్టుకొనగలిగిన మనము, ఈ చిన్న సంగతిని మన బిడ్డలకు నేర్పలేకపోవుదుమా?