సంఖ్య వేఱు, సరిహద్దు వేఱు

జనసంఖ్య పెరుగుట యొకటి. పరదేశీయులు వలసవచ్చుట వేఱొకటి. ఈ రెంటిని ఒక్క మూటగట్టి ప్రజల ముందు బెట్టుట నేటి నాయకులకు పరిపాటియైనది. పత్రికలును ఆ మూటను విప్పి చూడకయే మోయుచున్నవి.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థికమంత్రి జనాభా శీఘ్రముగా పెరుగుటవలనను, దాని స్వరూపము మారుటవలనను గలుగు సమస్యల విచారణకు ఉన్నతాధికార సంఘమును నియమింతుమనిరి. 2025 ఆగస్టు 15వ తేదీని ప్రధానమంత్రి యెఱ్ఱకోటనుండి చొరబాటుదారులను గూర్చి హెచ్చరించి, జనాభా విషయమున నొక ప్రత్యేకోద్యమమును ప్రకటించిరి. అభియోగపత్రమున నేరమొకటి, బోనులో నిలిపిన ముద్దాయి వేఱొకడు! ఇట్టి వ్యాజ్యమును ఏ న్యాయస్థానమైనను త్రోసివేయును.

సాక్ష్యమును పరిశీలింతము. 2001 నుండి 2011 వఱకు దేశ జనసంఖ్య సుమారు 18 కోట్లు పెరిగెను. ఈ దేశమున నివసించు పరదేశీయులందఱును గలిసి 50 లక్షలకు మించరనియు, ఇచటినుండి పోయి పరదేశములందున్నవారు 1 కోటి 79 లక్షలనియు ఐక్యరాజ్యసమితి 2020 అంచనా. లెక్కకెక్కనివారు వేఱుగా గలరందురేని, అస్సామునే చూడుడు. 1961-71 దశాబ్దమున అచటి వృద్ధి నూటికి 35, దేశమున 25. నాటి వలస యథార్థము. కాని 2001-11 దశాబ్దమున అస్సాము వృద్ధి నూటికి 17. దేశపు సగటునకు లోబడియే యున్నది. ఆ దశాబ్దముననే బీహారము నూటికి 25 పెరిగెను. దానికి చొరబాటు కారణమని యెవ్వరును చెప్పజాలరు.

మఱి సంఖ్య యేల పెరుగుచున్నది? నిన్నటి తరమున విరివిగా పుట్టిన బిడ్డలు నేడు తల్లిదండ్రులగుచున్నారు, ఆయుర్దాయము హెచ్చినది. సంతానపు సగటు మాత్రము 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనయందు 2.0కు దిగినది. ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. ఇద్దఱికి మించి బిడ్డలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో నిలువరాదను నిబంధనను ఆంధ్రప్రభుత్వము 2024లో రద్దుచేసినది. ఢిల్లీలో జనము హెచ్చినదని భయము, అమరావతిలో తగ్గునని భయము!

సరిహద్దును కాపాడుట రాజ్యధర్మము. దానిని మేము కాదనము. కాని ఈ గందరగోళపు శిక్ష నిరపరాధులపై పడుచున్నది. 2025లో బెంగాలీ మాటలాడు కూలీలను పలు రాష్ట్రములందు అనుమానముతో నిర్బంధించిరి. వారిలో కొందఱు భారత పౌరులేయని తరువాత తేలెను. తెలుగువారికీ గాథ క్రొత్తది కాదు. 1931 లెక్కలనాటికి రంగూను జనములో సగమునకు మించినవారు భారతీయులు. 1930 మే నెలలో ఆ రేవున మన తెలుగు కూలీల నెత్తురు చిందినది. వారు చేసిన నేరమెల్ల, కూటికై సముద్రము దాటి బరువులు మోయుటయే.

2021లో జరుగవలసిన జనాభా లెక్క జరుగలేదు. 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా జరుపుటకు ప్రకటన వెలువడినది. లెక్క లేనిచోట కేకయే ప్రమాణమగును. జననము, మరణము, రాక, పోక — ఈ నాలుగింటిని వేఱువేఱుగా చూపనిదే జనాభాను గూర్చిన యే మాటను అచ్చొత్తరాదని తోడి పత్రికలను కోరుచున్నాము. ఇంట బిడ్డ పుట్టిన లెక్కను పొరుగువాని పద్దున వ్రాయుట దేశభక్తి కానేరదు.