ఖరగ్‌పూర్‌లో ఒక ధర, ఇచ్ఛాపురంలో మరో ధర: డీజిల్ పన్ను ఎటు పోతోంది?

భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పట్టిన చేపలు ఐసు పెట్టెల్లో హౌరా మార్కెట్‌కు చేరేది పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగానే. కోల్‌కతా ఇంకా వంద కిలోమీటర్లకు పైగా ఉందనగా ఆ లారీలు ఖరగ్‌పూర్ దాటతాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఊరు అది. సరుకు దించి తిరిగి వచ్చే డ్రైవర్లలో చాలామంది ఒడిశా సరిహద్దు రాకముందే, బెంగాల్ బంకుల్లోనే ట్యాంకు నిండా డీజిల్ పోయించుకుంటారు. వాళ్ల లెక్క తప్పేమీ కాదు. తప్పు ఎక్కడుందో చూడాలంటే పన్నుల పట్టిక తెరవాలి.

పశ్చిమ బెంగాల్‌లో డీజిల్‌పై అమ్మకం పన్ను 17 శాతం. అది లీటరుకు 7 రూపాయల 70 పైసల కంటే తగ్గకూడదన్న షరతు ఉంది. రూపాయి సెస్సు ఉన్నా, 2021 ఫిబ్రవరిలో ప్రకటించిన రూపాయి రాయితీతో అది చెల్లుకు చెల్లు అయింది. ఒడిశా 2021 నవంబరులో తగ్గించిన తర్వాత 24 శాతం. తెలంగాణలో 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆపైన రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు.

శాతాలు చూస్తే ఆంధ్ర మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు మోసం అక్కడే ఉంది. ఎక్సైజ్ సుంకం కలిపాక, రాష్ట్ర పన్ను పడక ముందు లీటరు 70 రూపాయలనుకుందాం. ఖరగ్‌పూర్‌లో రాష్ట్రం తీసుకునేది 11.90. జలేశ్వర్ దగ్గర ఒడిశాలో అడుగు పెడితే 16.80. హైదరాబాద్‌లో 18.90. ఇచ్ఛాపురంలో 20.58. అంటే బెంగాల్‌కూ ఆంధ్రకూ మధ్య లీటరుకు ఎనిమిదిన్నర రూపాయలకు పైనే తేడా. బంకు దగ్గర కనిపించే తేడా రవాణా ఖర్చును బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది గానీ దిశ మారదు.

దూరం వల్ల ధర పెరిగిందనడానికీ వీల్లేదు. ఖరగ్‌పూర్‌కు హల్దియా రిఫైనరీ దగ్గరైతే, ఉత్తరాంధ్రకు విశాఖలోనే రిఫైనరీ ఉంది, అదీ 1957 నుంచి. సొంత ఊళ్లో శుద్ధి అయిన డీజిల్ విశాఖ లారీకి పక్క రాష్ట్రం డీజిల్ కంటే ఖరీదు.

ఈ పన్ను ఒక్కసారిగా పెరిగింది కాదు. 22.25 శాతం ఉమ్మడి రాష్ట్రం నాటి రేటు. విభజన తర్వాత 2015 ఆరంభంలో తెలంగాణ దాన్ని 27కు పెంచింది, ఆంధ్రప్రదేశ్ శాతాన్ని ముట్టుకోకుండా 4 రూపాయలు కలిపింది. 2018 సెప్టెంబరులో చంద్రబాబు ప్రభుత్వం అందులో 2 రూపాయలు తగ్గించింది. 2020లో జగన్ ప్రభుత్వం మళ్లీ 4 రూపాయలు చేసి, కొన్ని నెలలకే రోడ్డు సెస్సు జోడించింది. రెండు పార్టీలూ ఎదుటివారి పెంపునే తిడతాయి, ఖజానా మాత్రం ఎవరొచ్చినా ఆ డబ్బు వదులుకోలేదు.

అయితే రాష్ట్రాలను మాత్రమే దోషులను చేయడం సగం కథ. 2022 ఏప్రిల్ 27న ముఖ్యమంత్రుల సమావేశంలో ప్రధాని మోదీ వ్యాట్ తగ్గించని రాష్ట్రాలంటూ పేర్లు చదివారు. పశ్చిమ బెంగాల్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. అతి తక్కువ శాతం వేసే బెంగాల్‌నూ, ఎక్కువ వేసే తెలుగు రాష్ట్రాలనూ ఒకే గాటన కట్టడం విడ్డూరమే. పైగా కేంద్రం వసూలు చేసే సుంకం నిర్మాణం ఏమిటి? 2022 మే కోత తర్వాత డీజిల్‌పై ఎక్సైజ్ మొత్తం 15.80 రూపాయలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన ప్రాథమిక సుంకం 1.80 మాత్రమే. మిగిలిన 14 రూపాయలు సెస్సులు, ప్రత్యేక సుంకాలు. 41 శాతం వాటా లెక్కన అన్ని రాష్ట్రాలకూ కలిపి దక్కేది లీటరుకు 74 పైసలు. 2025 ఏప్రిల్‌లో పెంచిన 2 రూపాయలు కూడా పంచనక్కర్లేని పద్దులోకే వెళ్లాయి.

రాష్ట్రాలు తగ్గించలేదన్న మాటలోనూ ఒక మెలిక ఉంది. వ్యాట్‌ను ఎక్సైజ్ కలిపిన ధర మీద లెక్కిస్తారు. కాబట్టి కేంద్రం తగ్గిస్తే రాష్ట్రం ఆదాయమూ దానంతటదే తగ్గుతుంది. 2022 మేలో కేంద్రం తగ్గించింది 6 రూపాయలు. కోల్‌కతాలో ధర 99.83 నుంచి 92.76కు, అంటే 7.07 తగ్గింది. హైదరాబాద్‌లో 105.49 నుంచి 97.82కు, అంటే 7.67. ఆరు దాటిన భాగంలో దాదాపు మొత్తం రాష్ట్రాల పన్ను నుంచి పోయిందే. కేంద్రం పెంచినప్పుడు ఇదే సూత్రం రాష్ట్రాలకు లాభం తెచ్చిపెట్టింది, అప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మళ్లీ లారీ దగ్గరికి వద్దాం. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీకి 350 లీటర్ల ట్యాంకు ఉంటే 1,400 కిలోమీటర్లు నడుస్తుంది. ఖరగ్‌పూర్ నుంచి భీమవరం దాదాపు వెయ్యి. దారిలో ఒక్క లీటరు కొనకుండా ఇల్లు చేరొచ్చు. లీటరుకు 8 రూపాయలు మిగిలితే 300 లీటర్లకు 2,400. యజమానికి అది కిస్తీలో కొంత భాగం. మరి ప్రభుత్వానికి? బెంగాల్ కంటే 8 రూపాయలు ఎక్కువ రాబట్టాలని పన్ను పెంచిన ఆంధ్ర, ఆ లారీ నుంచి పోగొట్టుకునేది 8 కాదు, మొత్తం ఇరవై. రోడ్డు సెస్సూ పోయింది, అరిగింది మాత్రం ఇక్కడి రోడ్డే. కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లో, యానాం చుట్టుపక్కల బంకుల యజమానులు చేసే ఫిర్యాదూ ఇదే. ఈ తేడాను తప్పించుకోలేనిది దూరం వెళ్లని వాహనం: శ్రీకాకుళం రైతు ట్రాక్టర్, మత్స్యకారుడి ఆటో, ఊళ్లో తిరిగే పాల వ్యాను. అధిక పన్ను భారం చివరికి పడేది వాళ్ల మీదే.

ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళానికి రైలెక్కే తెలుగువాళ్లకు ఈ బాధ లేదు. ఆ లైను ఎప్పుడో విద్యుదీకరణ అయింది, టికెట్ ధర రాష్ట్రం మారితే మారదు.

దీనికి అందరూ చెప్పే మందు జీఎస్టీ. 2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి 45వ సమావేశం ఇంధనాన్ని చేర్చే సమయం రాలేదని తేల్చింది. ఇష్టానుసారం రేటు పెట్టుకోగల వనరులు మద్యం, ఇంధనం, రిజిస్ట్రేషన్లు వంటివి కొన్నే మిగిలిన రాష్ట్రాలు వాటిలో ఒకదాన్ని సులువుగా వదులుతాయని ఆశించడం అమాయకత్వం. 2024 అక్టోబరులో చమురు కంపెనీలు రాష్ట్రాల లోపలి రవాణా ఖర్చును సర్దితే మల్కన్‌గిరి జిల్లా కలిమెలలో లీటరు 4 రూపాయలకు పైగా తగ్గింది. కంపెనీల చేతిలో ఉన్న తేడా అంత తేలికగా పోయింది, ప్రభుత్వాల చేతిలో ఉన్నది కదల్లేదు.

మధ్యే మార్గం ఒకటి లేకపోలేదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో డీజిల్ పన్ను ఉన్నా, 48 రాష్ట్రాలూ, కెనడాలోని 10 ప్రావిన్సులూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. రవాణా కంపెనీ ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు నడిపిందో మూడు నెలలకోసారి చెప్పాలి. ఎక్కడ కొన్నా, పన్ను మాత్రం నడిచిన రాష్ట్రానికి చేరుతుంది. ఫాస్టాగ్, ఈ-వే బిల్లు ఉన్న దేశంలో లారీ ఏ రాష్ట్రం దాటిందో తెలుసుకోవడం కష్టం కాదు. చిన్న యజమానుల మీద కాగితాల భారం పడకుండా చూడాల్సి ఉంటుంది. అయినా అంతకంటే ముందు, ఆంధ్రప్రదేశ్ ఒక్క నిర్ణయంతో చేయగలిగిన పని ఉంది: ఆ 4 రూపాయల అదనపు వ్యాట్‌లో ఎంత తగ్గిస్తే సరిహద్దు అమ్మకాలు ఎంత వెనక్కి వస్తాయో లెక్క వేసి, దాన్ని శాసనసభ ముందు పెట్టడం.