బోల్టుకో బొట్టు గ్రీజు

బోరు మోటారు కాలిపోవడానికి ముహూర్తం లేదంటారు గానీ, ఉంది. ఏప్రిల్ నెల! నీళ్లు కిందికి దిగిపోతాయి, కరెంటు ఓల్టేజీ ఊగిసలాడుతుంది, మోటారుకి ఊపిరాడదు. చేవెళ్ల, మొయినాబాద్ పొలాల్లో అప్పుడే క్యారెట్టూ, టమాటా, ఆకుకూరలూ నీళ్ల కోసం చూస్తుంటాయి. పాలీహౌసుల్లోని జర్బెరా పూలకైతే ఒక్కరోజు నీళ్లు తప్పినా కష్టమే.

కబురు పెడితే మెకానిక్కు వస్తాడు. ముక్కాలి స్టాండు నిలబెడతారు, చైన్ పుల్లీ తగిలిస్తారు. అక్కడ ఆగిపోతుంది పని. బోరు మూతి మీది క్లాంపు బోల్టు ఊడదు. పానా జారుతుంది, తల అరిగి గుండ్రమవుతుంది. చివరికి రంపపు బ్లేడో, కోసే మిషనో పట్టుకొచ్చేసరికి పొద్దు వాలుతుంది.

రాతినేల కాబట్టి ఇక్కడ బోర్లు లోతెక్కువ. అంత పైపు, లోపలి నీళ్లు, అడుగున మోటారు... ఇంత బరువూ వేలాడేది రెండు ఇనుప పట్టీల మీద, వాటిని పట్టి ఉంచిన బోల్టుల మీద. బరువు క్లాంపు మీద ఉండగా బోల్టు పుటుక్కుమంటే మోటారు పాతాళానికే. అందుకే ముందు బరువంతా పుల్లీ మీదికి తీసుకుని, ఆ తర్వాతే క్లాంపుకి పానా పెట్టాలి. ఎంత తొందరున్నా సరే.

ఇంతకీ అంత గట్టిగా ఎందుకు పట్టేస్తుంది? ఇనుము, నీళ్లు, గాలి కలిస్తే తుప్పు. ఆ తుప్పు తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకీ బోల్టుకీ మధ్య మరల్లో ఖాళీ ఎంతని? అక్కడ ఉబ్బి, బిరడాలా బిగుసుకుంటుంది. మన బోర్ల దగ్గర ఇంకో సంగతి. డ్రిప్పులో ఎరువు కలిపే డ్రమ్మును అక్కడే పెడతాం. పొటాష్ ఎరువు చాలావరకు క్లోరైడే, అంటే ఉప్పుకు చుట్టం. అది కారి క్లాంపు మీద పడితే తుప్పుకి విందు భోజనం. డ్రమ్మును నాలుగడుగులు జరపండి. కారే బెండుకి వాషరు మార్చండి. బోరు చుట్టూ పేరుకున్న బురద లాగేయండి. సగం పని అయినట్టే.

మిగతా సగం బిగించే రోజు చేయాలి. మరలను వైరు బ్రష్షుతో రుద్ది, గ్రీజు పూసి బిగించాలి. గ్రీజు పూసిన బోల్టు సులువుగా తిరుగుతుంది కాబట్టి, పొడిగా ఉన్నప్పటంత బలం పెట్టనక్కర్లేదు. బయటికి పొడుచుకొచ్చిన మరలకు కూడా కాస్త పూస్తే మంచిది.

‘స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే పీడా పోతుంది కదా’ అంటారు. పోదు. స్టీలు నట్టుని స్టీలు బోల్టు మీద పొడిగా, బలంగా బిగిస్తే ఆ రెండూ ఒరుసుకుని అతుక్కుపోతాయి. దానికీ గ్రీజు తప్పదు. నన్నడిగితే జింకు పూత మందంగా ఉన్న బోల్టులే మేలు. తుప్పు ముందు జింకును తింటుంది, ఇనుము జోలికి తర్వాత వస్తుంది.

ఈ కిటుకు పాతదే. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున ఉండే రాగిరేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూశాడు. రాగి చెక్కుచెదరలేదు. కానీ నీళ్లలోకి రాగి విషం దిగడం మానేసేసరికి ఓడ అడుగున నత్తలూ నాచూ కాపురం పెట్టాయి! నౌకాదళం వాళ్లు ఆ ముక్కల్ని పీకేయాల్సొచ్చింది. ఇప్పటికీ సముద్రపు పడవల మోటార్లకు జింకు దిమ్మలు బిగిస్తారు, అరిగిపోగానే మారుస్తారు. మన బోల్టు మీద కూడా జింకు పోయి ఎర్రటి మచ్చ కనిపిస్తే మార్చేయడమే.

ఇప్పటికే బిగుసుకుపోయిందా? తుప్పు వదిలించే నూనె సాయంత్రమే పోసి, రాత్రంతా నాననివ్వండి. పొద్దున సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు. తర్వాత వెంటనే విప్పకుండా, ముందు వెంట్రుకవాసి బిగించి, అప్పుడు వెనక్కి తిప్పండి. తుప్పు పొర అక్కడే చిట్లుతుంది. ప్లాస్టిక్ పైపు, కేబుల్ పక్కనే ఉంటాయి కాబట్టి మంటతో వేడి చేయడం వద్దు. కోయక తప్పకపోతే, ముందు కేసింగు మూతికి గోనెపట్టా గట్టిగా కుక్కండి. తెగిన బోల్టు ముక్క లోపల పడి మోటారుకీ కేసింగుకీ మధ్య ఇరుక్కుంటే, మోటారు ఇక పైకి రాకపోవచ్చు.