నడవని ఇంజిన్‌కి నడవని మోడల్

నాన్న ఎప్పుడు ఆలంపూర్ నుంచి కాచిగూడ ప్రయాణం గురించి చెప్పినా బొగ్గింజన్ దగ్గరే ఆగిపోతారు. ఆలంపూర్ రోడ్ స్టేషన్ మీదుగా పోయే సికింద్రాబాద్ - ద్రోణాచలం లైను 1990లలో బ్రాడ్ గేజ్ అయింది. అంతకు ముందు మీటర్ గేజ్. ఆ బండి కిటికీ దగ్గర కూర్చుంటే కంట్లో నలుసు, చొక్కా మీద మసి ఖాయం అంటారాయన. అందుకే మోడల్ రైళ్ళ పిచ్చి పట్టాక నేను మొదట చెయ్యాలనుకున్నది వైపీ ఇంజినే. 1949 నుంచి 1970 దాకా 871 తయారయ్యాయి, మన దేశంలో మీటర్ గేజ్ ప్యాసింజర్లకి అదే పెద్ద దిక్కు.

ఇక్కడే మొదటి చిక్కు. మార్కెట్లో దొరికే మోడల్ పట్టాలన్నీ ఇంకెవరి దేశానికో చేసినవి. హెచ్ఓ స్కేల్ అంటే 1:87, దాని పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కి సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. అంటే 19.3 రావాలి. ఏ అమెరికన్ పసిఫిక్ ఇంజిన్ చాసిస్ మీదో డబ్ల్యూపీ బాడీ కూర్చోబెడితే పొట్ట లావుగా, కాళ్ళు దగ్గరగా అయిపోతుంది. మీటర్ గేజ్‌కి 11.5 కావాలి, 12 మి.మీ. పట్టాలు దొరుకుతాయి కాబట్టి కాస్త నయం. హార్న్‌బీ 2022లో 1:120 స్కేల్‌లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ తెచ్చింది, 12 మి.మీ. గేజ్ మీద. దాని పెద్ద చక్రం అసలు ఇంజిన్‌లో 2032 మి.మీ., మోడల్‌లో 16.9. వైపీ చక్రం 1372, దాన్ని 1:87కి కుదిస్తే 15.8. ఒక్క మిల్లీమీటరు తేడా! చక్రాల మధ్య దూరం కూడా కొలుచుకుని, కుదిరితే ఆ చాసిస్ కొనేసి, పైన త్రీడీ ప్రింట్ చేసిన వైపీ బాడీ పెట్టెయ్యమని ఒక మిత్రుడి సలహా. మంచి సలహానే. ఏ ఇంజనీరుకైనా నచ్చే జుగాడ్ అది.

నేను వినలేదు. ఎందుకంటే నేను కొలతలు తీసుకున్న వైపీ అసలు కదలదు. ఒక ఊళ్ళో (ఏ ఊరో చెప్పను) ఆఫీసు ముందు సిమెంటు దిమ్మె మీద, రెండు ముక్కల పట్టాలపై నిలబడి ఉంది. కదలని ఇంజిన్‌కి మోటారెందుకు, 12 మి.మీ.తో రాజీ ఎందుకు? చక్రాలని ఇరుసు మీద సరిగ్గా 11.5కి జరిపి, రెండు రైలు ముక్కలు అతికిస్తే సరి. మన దేశంలో మోడల్ చేసుకునేవాళ్ళకి ఇది పెద్ద వరం అని నా అభిప్రాయం. దిమ్మె మీది ఇంజిన్‌ని చేస్తే గేజ్ గొడవే ఉండదు.

కానీ రెండో చిక్కు మొదటిదానికి బాబు. ఈ ఇంజిన్ ఏ రోజుది?

ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ సంగతే చూడండి. 1923లో తయారైంది. 1959లో జంట చిమ్నీ వచ్చింది, 1961లో పక్కలకి పొగ మళ్ళించే రేకులు వచ్చాయి. 1963లో సర్వీసు నుంచి తప్పించాక కొన్నాయన దాన్ని పాత ఆకుపచ్చ రంగు, పాత నంబరు, ఒంటి చిమ్నీకి తిప్పారు. తర్వాత రెండో టెండర్ తగిలించారు. 1969లో అమెరికా తీసుకెళ్ళి గంట, ముందు కౌక్యాచర్ కూడా పెట్టారు. 1990లలో మళ్ళీ జంట చిమ్నీ. బాయిలర్లు మారాయి. ఇందులో ఏ వెర్షన్ "ఒరిజినల్"? రిలీజ్ నంబరు చెప్పకుండా బగ్ రిపోర్ట్ రాసినట్టే ఉంటుంది, తేదీ చెప్పకుండా ఇంజిన్ మోడల్ చేస్తే.

నా వైపీ కథ ఇంకా తమాషా. క్యాబ్ పక్కన ఒక నంబరు. టెండర్ వెనక, పెయింట్ పొరల కింద, ఇంకో నంబరు. వాచ్‌మన్‌ని బతిమాలి కంచె దాటి వెళ్ళి చూస్తే కనెక్టింగ్ రాడ్ మీద పంచ్ కొట్టిన నంబరు మూడోది. వర్క్‌షాపుల్లో ఒకదాని భాగాలు ఇంకోదానికి వెయ్యడం మామూలే కాబట్టి ఇందులో మోసమేమీ లేదు. మూడు ఇంజిన్లు కలిసి ఒకటిగా నిలబడ్డాయంతే.

ఆలంపూర్ వాళ్ళకి ఈ ప్రశ్న కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్ళీ కట్టారు. రాళ్ళు అవే, చోటు మారింది. జోగులాంబ గుడి దానికి తిరగేసిన కథ. పాత గుడి 14వ శతాబ్దంలో కూలిపోతే, అమ్మవారు బాలబ్రహ్మ ఆలయంలో ఉండిపోయింది. 2005లో పాత చోటే కొత్త గుడి కట్టారు. చోటు అదే, రాళ్ళు కొత్తవి. రెండింటికీ దండం పెడతాం. కానీ కొత్త గుడిని చూపించి ఇది ఏడో శతాబ్దపు చాళుక్యుల పని అని ఎవడైనా అంటే ఊరుకోం కదా.

అందుకని నా మటుకు నాకు, దిమ్మె మీద ఇవ్వాళ ఎలా ఉందో అలాగే చెయ్యడం సరైన పని. తప్పు నంబరుతో సహా. అలా చెయ్యడం తేలికేమీ కాదు. నడిచే ఇంజిన్‌కి మసి పూసే అలవాటు చేతికి ఒకసారి వస్తే, నిలబడ్డ ఇంజిన్‌కి అది మానుకోవడం కష్టం. చిమ్నీ చుట్టూ మసి ఉండదు, దుమ్ము ఉంటుంది. వాన చారలు నిట్టనిలువుగా దిగుతాయి, పరుగెత్తే ఇంజిన్ మీదైతే వెనక్కి వాలి ఉంటాయి. ఏళ్ళ తరబడి పెయింట్ మీద పెయింట్ పడి రివెట్లు మెత్తబడిపోతాయి. కాబట్టి ప్రింట్‌లో రివెట్లు ఎంత పదునుగా వస్తే అంత అబద్ధం. స్మోక్‌బాక్స్ తలుపుకి వెండి రంగు, చక్రాల అంచులకి తెలుపు. రాగి గొట్టాలు కోసుకుపోయిన చోట మొండి ముక్కలు. క్యాబ్‌లో గేజీలుండాల్సిన చోట ఖాళీ చిల్లులు, వాటికి 0.8 మి.మీ. డ్రిల్ సరిపోయింది. టెండర్‌లో బొగ్గు బదులు వేపాకులు (టీ పొడి బాగానే పని చేస్తుంది).

ముప్పాతిక వంతు అయ్యాక తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది గానీ, ఇది మన బండి కాదురా. మన బండి నల్లగా, జిడ్డు కారుతుండేది."

ఏం చెప్పను? ఆయన మాట నిజం. ఆ బండి కోసమే కదా ఇదంతా మొదలుపెట్టింది. నెట్‌లో దొరికే వేరే వైపీల ఫోటోలు చూసి మసి, జిడ్డు దిద్దెయ్యొచ్చు. ఆయన సంతోషిస్తారు కూడా. కానీ అది నా ఊహ, ఆయన జ్ఞాపకం కలిపి కట్టిన కొత్త గుడి. కట్టకూడదని కాదు, కింద 2005 అని రాసుకోవాలి. ఆయన కోసం రెండోది చేస్తాను. అది మాత్రం నడిచేదే, మిత్రుడు చెప్పిన హార్న్‌బీ చాసిస్ మీదే. మోటారున్న బండికి అర మిల్లీమీటరు తేడా నాన్న క్షమిస్తారు :)

మొదటిదానికి టెండర్ వెనక నంబరు ఇంకా అతికించలేదు. అందులో ఒక అంకె మూడో ఎనిమిదో ఫోటోలో తేలడం లేదు. వచ్చే నెల ఆలంపూర్ వెళ్ళేటప్పుడు దారిలో దిగి ఇంకోసారి చూసుకోవాలి, ఈలోపు మళ్ళీ పెయింట్ కొట్టెయ్యకుండా ఉంటే.