తుపాకీ వాళ్లది, అడవి ఖర్చు మాది

అడవిపందులు చేలమీద పడ్డప్పుడల్లా మార్కాపురం, గిద్దలూరు వైపు ఒక మాట బయటికొస్తుంది. వేటకి లైసెన్సులివ్వండి, ఫీజు గట్టిగా పెట్టండి, పందులూ తగ్గుతాయి, వచ్చిన డబ్బుతో పులినీ అడవినీ కాపాడుకోవచ్చు, అమెరికాలో అలాగే చేస్తున్నారు అని. వినడానికి లెక్క చక్కగా కుదిరినట్టే ఉంటుంది. రైతుకి మేలు, పులికి మేలు, సర్కారుకి డబ్బు. ఇంతమందికి మేలు జరిగే లెక్కలో మాల మాదిగ పల్లెల పేరు ఎక్కడుంది, చెంచుగూడేల పేరు ఎక్కడుంది అని మేం వెతికాం. లేదు. అందుకే ఈ లెక్కని మొదట్నుంచీ మళ్లీ వేస్తున్నాం.

తొంభై ఏళ్ల లైసెన్సు ఏం కాపాడింది?

వేట లైసెన్సు కొత్త ఆలోచనేం కాదు. ఈ నల్లమలలో అది తాతల నాడే వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో, మద్రాసు ఏలుబడిలో ఉండేవి. ప్రకాశం జిల్లాలో కలిసింది 1970లో. 1878లో తెల్లవాడు ఆయుధాల చట్టం తెచ్చాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చాడు. మొదటిది తుపాకీ ఎవరి చేతిలో ఉండాలో చెప్పింది. రెండోది ఆ తుపాకీ ఏ అడవిలో పేలాలో చెప్పింది. రెండు కాగితాలూ ఉన్నవాడు షికారీ దొర అయ్యాడు. విల్లంబు తప్ప ఏ కాగితమూ లేని చెంచు తన అడవిలోనే దొంగ అయ్యాడు. ఎరుకల వాళ్లనైతే 1911 నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని రాసేశారు. లైసెన్సు అనే కాగితం ఈ గడ్డమీద చేసిన మొదటి పని అది. జంతువుని కాపాడ్డం కాదు, మనుషుల్ని విడగొట్టడం.

దొరలు దిగువమెట్టలో రైలు దిగి అడవిలోకి పోయేవాళ్లు. బెంగుళూరు షికారీ కెన్నెత్ ఆండర్సన్ దిగువమెట్ట పులి మీద కథే రాసుకున్నాడు. కాని తుపాకీ ఉన్నంత మాత్రాన వేట అవుతుందా? ఎరకి దూడని కట్టేదెవరు? చెట్టుమీద మంచె కట్టేదెవరు? మూడు పక్కలా కమ్ముకుని డప్పులు కొట్టి, కేకలేసి, జంతువుని తుపాకీ ముందుకి తోలేదెవరు? గాయపడ్డ పులి తిరగబడితే ముందు దొరికేదెవరు? ఆ పనులన్నీ వెట్టివాళ్లవి, గూడెం వాళ్లవి. ఊళ్లో చచ్చిన గొడ్డు తోలు తీసినవాడు అంటరానివాడయ్యాడు. అడవిలో చంపిన పులి తోలు గోడకి కొట్టుకున్నవాడు వీరుడయ్యాడు. తోలు తోలే కదా! తేడా ఎక్కడొచ్చింది?

ఇక డబ్బు సంగతి. ఆ లైసెన్సు ఫీజు జంతువు కోసం ఖర్చయిందా? లేదు. కలప డబ్బు, వెదురు డబ్బు, పుల్లరి డబ్బు ఎట్లా ఖజానాలో కలిసిందో అదీ అట్లాగే కలిసింది. అడవి సర్కారుకి రాబడి. ఆ రాబడి కోసమే పక్కనున్న పల్నాట్లో పశువు మేతకి పుల్లరి కట్టమన్నారు, కట్టమని నిలబడ్డ కన్నెగంటి హనుమంతుని 1922లో కాల్చి చంపారు. అడవి రాబడి అనే మాట వినగానే మాకు ముందు గుర్తొచ్చేది అది.

తొంభై ఏళ్ల లైసెన్సు పాలనలో జంతువులేమన్నా పెరిగాయా? చీటా 1952 నాటికి దేశంలోనే లేకుండా పోయింది. పులివేటని ఆపాలన్నప్పుడు విదేశీ డబ్బు పోతుందని షికారు కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 1970లో ఆపక తప్పలేదు. 1972లో లెక్కపెడితే దేశం మొత్తంమీద పులులు 1827. ఆ ఏడు వచ్చిన వన్యప్రాణి చట్టం కూడా లైసెన్సులని ఒక్క దెబ్బన తీసెయ్యలేదు. పెద్ద జంతువుల వేటకొకటి, చిన్న జంతువుల వేటకొకటి అని రకాలు పెట్టి ఉంచింది. 1991 సవరణతో గాని అవి పోలేదు. 2022 లెక్కకి పులులు 3682 అయ్యాయి. వేట ఫీజు ఒక్క పైసా లేకుండానే అయ్యాయి. లైసెన్సు వాదం చేసేవాళ్లు ముందు ఈ రెండు అంకెలకి జవాబు చెప్పాలి.

అమెరికాని చూపించేవాళ్లకి

అమెరికా సంగతి కూడా పూర్తిగా చెప్పుకుందాం. 1937లో అక్కడ ఒక చట్టం చేశారు. తుపాకుల మీద, తూటాల మీద పన్ను వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పంచుతారు. ఏ రాష్ట్రమైనా వేట లైసెన్సు డబ్బుని వేరే పనికి మళ్లిస్తే ఆ నిధిలో వాటా పోతుంది. డబ్బు దారి తప్పకుండా కట్టిన గట్టు అది. దాన్ని మేం తక్కువ చెయ్యం. కాని అక్కడ లైసెన్సు కొనేవాళ్లు కోటిమందికి పైనే. లారీ డ్రైవరూ కొంటాడు, కూలివాడూ కొంటాడు. వేటాడింది ఇంటికి తెచ్చుకుని తింటాడు. మన దగ్గర లైసెన్సు తుపాకీ ఉన్న ఇల్లు మండలానికి ఎన్ని? ఉన్నవి ఎవరివి? ఆ నలుగురి సరదా ఫీజుతో వేల చదరపు కిలోమీటర్ల నల్లమలని సాకుతామంటే నమ్మేదెవరు?

ఇంకో ఉదాహరణ ఉంది, దాన్ని మన పెద్దమనుషులు చెప్పరు. పక్కనున్న పాకిస్తాన్‌లో మార్ఖోర్ అనే కొండమేకని ఏడాదికి ఇన్నని లెక్కగట్టి విదేశీ వేటగాళ్లకి అమ్ముతారు. ఒక్కో అనుమతి లక్ష డాలర్లు దాటి పలుకుతుంది. అందులో 80 శాతం అక్కడి కొండ ఊళ్లకి, 20 శాతం సర్కారుకి. ఆ డబ్బు కోసం ఊళ్లవాళ్లే దొంగవేటని ఆపారు, మేకలు పెరిగాయి. ఇది నిజం. అక్కడ పని చేసింది తుపాకీ కాదు, వాటా. మన లైసెన్సు వాదులు తుపాకీ గురించి గంటసేపు మాట్లాడతారు, వాటా అనే మాట మాత్రం నోటెంట రానివ్వరు.

ఒకవేళ ఊరికి 80 శాతం ఇస్తామన్నారనుకోండి. ఊరంటే ఎవరు? ఇక్కడ ఊరు వేరు, పల్లె వేరు. నీళ్ల కాడ వేరు, శ్మశానం కాడ వేరు. 1990ల్లో వనసంరక్షణ సమితులు పెట్టినప్పుడూ ఊరికే అన్నారు. సమితి పెద్ద ఎవరయ్యాడో, మొక్కకి గుంత తవ్వింది ఎవరో మన పల్లెల్లో ముసలివాళ్లనడిగితే చెబుతారు. అంబేద్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో నిలబడి గ్రామాన్ని నమ్మొద్దని ఊరికే అనలేదు. ఊరి పేరున వచ్చేది ఊళ్లోనే ఆగుతుంది. పల్లె పేరు, గూడెం పేరు విడిగా రాయకపోతే మనదాకా రాదు.

వేట లైసెన్సంటే తుపాకీ లైసెన్సు

ఈ వాదంలో అసలు ప్రమాదం ఇది. వేటకి లైసెన్సులిస్తే ఊళ్లలో తుపాకులు పెరుగుతాయి. ఎవరిళ్లలో పెరుగుతాయి? భూమి ఉన్నవాళ్లిళ్లలో. ఆ భూమిలో కూలికి పోయేది ఎవరు? 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని వెంటపడి చంపారు. దానికి తుపాకులు కావాల్సి రాలేదు, గొడ్డళ్లూ బరిసెలూ సరిపోయాయి. 1991 ఆగస్టులో చుండూరులో మాలల్ని పొలాల వెంట తరిమి నరికారు. వేట అనే మాట మాకు జంతువుల దగ్గర మొదలవదు. చేతిలో బరిసె ఉన్నప్పుడే మమ్మల్ని వేటాడినవాళ్లకి అడవిపంది పేరు చెప్పి తుపాకీ ఇస్తామంటే మేం ఊరుకుంటామా?

చట్టం ఏం చెబుతుందో కూడా చెప్పుకోవాలి. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నియమాలు వచ్చాయి. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న చోట ఇతరుల తుపాకీ లైసెన్సులు రద్దు చెయ్యొచ్చని మూడో నియమంలో ఉంది. అవసరమైతే దళితులకీ ఆదివాసులకీ ఆత్మరక్షణకి ఆయుధ లైసెన్సులివ్వొచ్చని అదే నియమంలో ఉంది. వేట లైసెన్సు కోసం ఇంత హడావుడి చేసేవాళ్లలో ఒక్కరైనా ఈ నియమం పేరెత్తారా?

అడవి ఫీజు ఎవరు కడుతున్నారు?

అడవికి డబ్బు కావాలి, నిజమే. వాచర్లకి జీతాలు కావాలి, నీళ్ల గుంతలు తవ్వాలి, మంటలార్పాలి, పంట పోయినవాళ్లకి పరిహారం ఇవ్వాలి. అయితే ఇప్పటిదాకా ఆ ఖర్చు ఎవరు మోశారో చూడండి.

1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం వచ్చింది. 1983లో అది పులుల ప్రాజెక్టులో చేరింది. 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వచ్చింది. గిద్దలూరు నుంచి ఎర్రగొండపాలెం దాకా కొండ అంచు పొడవునా అడవి మూసుకుంది. మూసుకున్నది ఎవరికి? పాలుట్ల లాంటి చెంచుగూడెం అడవి మధ్యలో ఉంది. తేనె తీసినా, గడ్డ తవ్వినా అనుమానం. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది, పట్టుకుంటే కనీసం మూడేళ్ల జైలు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కులన్నీ రాసి, వేట మాత్రం కాదు అని విడిగా గీత గీసింది. దేశంలో నికోబార్ దీవుల ఆదివాసులకి తప్ప ఇంకే తెగకీ వన్యప్రాణి చట్టం వేట హక్కు మిగల్చలేదు. ఆకలికి కొట్టేది నేరం, సరదాకి కొట్టేది ఆదాయం. ఇదా కొత్త న్యాయం?

అడవి అంచున ఉండే భూములు చాలామటుకు మన డి-పట్టా భూములు, లేదా మనం కౌలుకి చేసేవి. కంది, మొక్కజొన్న, వేరుశెనగ మీద పందులు ముందు పడేది అక్కడే. పరిహారం అడిగితే పాస్‌బుక్కు ఎవరి పేరునుందని అడుగుతారు. కౌలు కార్డు తెచ్చుకుందామంటే 2019 చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టడు. పంట పోయేది మనది, కాగితం ఆయనది. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెడితే రాత్రిపూట నీళ్లు కట్టను పోయి దానిమీద పడేది కూలివాడు.

2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. పంట పాడుచేస్తుంటే పదకొండో సెక్షన్ కింద చంపడానికి అధికారి అనుమతివ్వొచ్చు. అంటే దారి ఇప్పటికే ఉంది, లైసెన్సుల సంత పెట్టాల్సిన పని లేదు. అయితే అట్లా చంపిన పంది ముప్పై తొమ్మిదో సెక్షన్ ప్రకారం సర్కారు ఆస్తి. మన కంది తిన్న పందిని మనం తినకూడదు, గుంత తీసి పూడ్చాలి. కూలిచేసుకునే ఇంట్లో పిల్లలు వట్టి చారు పోసుకుని తింటుంటే, మంచి మాంసం మన్నుపాలు. మన తిండిని చూసి ముక్కు మూసుకునేవాళ్లే ఇట్లాంటి చట్టాలు రాయగలరు.

అడవిలో బేస్ క్యాంపుల్లో పడుకుని పులి అడుగులు చూసేది, దొంగవేటగాళ్ల వెంటపడేది చెంచు వాచర్లు. రోజుకూలీ లెక్కన. దోర్నాల దగ్గర తుమ్మలబయలులో సఫారీ జీపు ఎక్కిన పట్నంవాళ్లు కట్టే డబ్బు సంగతేంటి? 2006 సవరణతో పులుల అభయారణ్యాలకి ఫౌండేషన్లు పెట్టారు. అడవి పోగొట్టిన ప్రాజెక్టులు కట్టే డబ్బుకి 2016లో కంపా చట్టం చేశారు. నిధులున్నాయి. లేనిది లెక్క చెప్పే అలవాటు. 2006 నుంచే ఉపాధి హామీ పనులకి సామాజిక తనిఖీ పెట్టిన రాష్ట్రం ఇది. గుంత తవ్విన కూలీ మస్టరుని ఊరి నడుమ చదివించినవాళ్లు, అడవి డబ్బు లెక్క చదవడానికి ఎందుకు జంకుతున్నారు?

మేం అడిగేది ఇదీ

వేటని రాబడి చేసే లైసెన్సులు ఏ పేరుతోనూ మళ్లీ రాకూడదు. పందుల్ని తగ్గించక తప్పని చోట ఆ పని అటవీశాఖ సిబ్బందే, గూడెం వాచర్లని పెట్టుకుని, గ్రామసభకి చెప్పి చెయ్యాలి. బయటి షికారీలు వద్దు. చట్టం సవరించి ఆ మాంసం పంట పోయినవాళ్లకి ఇవ్వాలి. పాస్‌బుక్కు అడక్కుండా, చేను ఎవరు చేశారో గ్రామసభ చెబితే చాలని పరిహారమివ్వాలి. సఫారీ డబ్బుకీ కంపా డబ్బుకీ పల్లెలో, గూడెంలో సామాజిక తనిఖీ పెట్టాలి. అందులో పల్లెకి, గూడేనికి విడిగా వాటా రాయాలి. వాచర్లని పర్మనెంటు చెయ్యాలి. కొత్తగా ఒక్క తుపాకీ లైసెన్సిచ్చే ముందు 1995 నియమాలు ఈ జిల్లాలో ఎంత అమలైందీ కలెక్టరు బయటపెట్టాలి.

పులి బతకాలని మేమూ అంటున్నాం. పులి ఉన్న అడవిలోనే మా వాగులున్నాయి, మా పశువుల మేత ఉంది. కాని పులి పేరు చెప్పి మళ్లీ దొర చేతికి తుపాకీ, మన చేతికి డప్పు ఇస్తామంటే పట్టుకోం. వచ్చే గ్రామసభకి పల్లె నుంచి, గూడెం నుంచి గుంపుగా పోండి. ఈ మాటల్ని తీర్మానం పుస్తకంలో రాయించండి. రాయమంటే, ఎందుకు రాయరో అదే పుస్తకంలో రాయమనండి.